పరదేశములో పండుగ బజారు

మా గుడివాడ సంఘములో స్త్రీల కూడిక ముగిసి, అందరం వరండాలో టీ తాగుతూ ఉండగా ఒక చెల్లెలు నన్ను అడిగింది: "అక్కా, మీరు పదిహేడేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చారు గదా. అక్కడ మన క్రిస్మస్ చేసుకోనిస్తారా? పండుగకు బట్టలవీ కొనుక్కోను బజార్లుంటాయా?" ఆమె పెద్దమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి పై దేశం వెళ్ళాలని చూస్తున్నది. తల్లి మనస్సులో ఉన్న అసలు ప్రశ్న వేరే అని నాకు తెలుసు. అయినా అడిగినదానికే అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. బజార్లున్నాయా అంటే ఉన్నాయి. క్రిస్మస్ ఉన్నదా అంటే ఉన్నది. అంతటితో అయ్యే మాట కాదు. అందుకని ఇంటికి వచ్చి ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

మాది దివిసీమ. నాగాయలంకకు దిగువన, సముద్రపు గాలి తగిలే ఊరు. బందరులో చదువుకున్నాను, గుడివాడ కోడలినయ్యాను. 1994, 95 సంవత్సరాలలో మన కోస్తాలో రొయ్యల చెరువులకు తెల్లమచ్చ తెగులు తగిలిన సంగతి ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామందికి చేదు జ్ఞాపకమే. మా వారూ, మా బావగారూ కలిసి కౌలుకు తీసుకున్న చెరువులో రెండు పంటలూ పోయినవి. అప్పు మిగిలింది. నా చేతిలో నర్సు సర్టిఫికెట్టు ఉన్నది. 1995 అక్టోబరులో మూడేళ్ళ పాపను మా అమ్మ దగ్గర దిగవిడిచి, బెజవాడలో బొంబాయి రైలెక్కాను. అక్కడి నుంచి విమానం. పాప నిద్రలో ఉండగానే బయలుదేరమన్నది అమ్మ. అది మంచి సలహా అని అప్పుడనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

కువైట్ అంటే మన పాత కృష్ణా జిల్లాకు రెండింతలుండే దేశం. నది అనేది ఒక్కటీ లేదు. కాలువ గట్టున పుట్టి పెరిగిన నాకు అది అన్నిటికన్న వింతగా తోచింది. సముద్రపు నీటినే ఉప్పు తీసి పంపుల్లో వదులుతారు. 1953లో ఆ యంత్రాలు రాకముందు తాగే నీటిని షత్ అల్ అరబ్ నది నుంచి పడవల మీద తెచ్చి అమ్మేవారట. మండు వేసవిలో ఎండ యాభై డిగ్రీలు దాటుతుంది. 2016 జూలై 21న అక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. అయితే డిసెంబరు మాత్రం మన ధనుర్మాసం వంటిదే. తెల్లవారుజామున వణుకు పుడుతుంది. ఆ చలి ఒక్కటే నాకు క్రిస్మస్ వచ్చిందని చెప్పిన మొదటి గుర్తు.

ఆ ఏడు క్రిస్మస్ సోమవారం వచ్చింది. ముందురోజు ఆదివారం. అక్కడ ఆదివారం పని దినం. వారపు సెలవు శుక్రవారం నాడు, దానికి ముందు గురువారం కొంత. 2007 నుంచి శుక్ర, శనివారాలు చేశారు. నాకు 24 రాత్రి డ్యూటీ పడింది. పన్నెండు గంటలకు మా ఊళ్ళో కుర్రవాళ్ళు డప్పు కొట్టుకుంటూ కారల్స్‌కు బయలుదేరి ఉంటారు, మా అమ్మ గుమ్మం ముందు ముగ్గు వేసి లాంతరు పెట్టి ఉంటుంది అనుకుంటూ నేను వార్డులో సెలైన్ సీసాలు మార్చుతున్నాను. కొట్టాయం నుంచి వచ్చిన మలయాళీ అక్క ఒకామె పక్క వార్డు నుంచి కాగితంలో చుట్టి చిన్న కేకు ముక్క తెచ్చి, నా జేబులో పడవేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అదీ నా మొదటి పండుగ.

ఆరాధన ఆ వారం శుక్రవారం, 29వ తేదీన. కువైట్ నగరంలో కిబ్లా అనే పేటలో నేషనల్ ఇవాంజలికల్ చర్చి ఆవరణ ఉంది. అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు వేసిన పునాది అది. వారు అక్కడ మొదట పెట్టినది గుడి కాదు, ఆసుపత్రి. 1912లో డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ గారు వచ్చారు. ఆ దేశంలో స్త్రీలకు వైద్యం చేసిన మొదటి డాక్టరమ్మ ఆమె. చర్చి భవనం 1931లో కట్టారు. మన బందరుకు 1841లో నోబుల్ గారు, ఫాక్స్ గారు వచ్చి, 1843లో నోబుల్ గారు బడి తెరిచిన సంగతి వింటూ పెరిగిన దానిని గనుక ఆ ఆవరణలో అడుగు పెట్టగానే ఎరిగినవారి ఇంటికి వచ్చినట్లనిపించింది.

కాని లోపల మాత్రం సంత! అరబ్బీ, మలయాళం, తమిళం, ఉర్దూ, కొరియా భాష, ఫిలిప్పీనువారి భాష, మన తెలుగు. ఒక్కొక్క సంఘానికి ఒక్కొక్క హాలు, ఒక్కొక్క గంట. మన తెలుగు పాట చివరి చరణంలో ఉండగానే తలుపు దగ్గర తరువాతి సంఘంవారు వాద్యాలు పట్టుకొని నిలబడి ఉండేవారు. ప్రార్థన పొడుగు చేసే పెద్దలకు అక్కడ మంచి శిక్షణ దొరికిందని మేము నవ్వుకునేవాళ్ళం. గోదావరి జిల్లాలవారు, కడపవారు ఎక్కువ. మన కృష్ణావారం కొద్దిమందిమి. బయటకు వచ్చిన తరువాత ఎవరూ వెంటనే కదిలేవారు కాదు. "మీదేవూరు?" "అవనిగడ్డ పక్కన." "మాది చల్లపల్లి." ఆ రెండు మాటలకు కళ్ళు తడిసేవి.

ఒక సంగతి చెప్పాలి. చర్చి గోడల లోపల మనకు స్వేచ్ఛ ఉంది. వీధుల వెంట పాడుకుంటూ తిరగడానికి, ఇంటి మీద నక్షత్రం కట్టడానికి మేము సాహసించలేదు. మట్టల ఆదివారం కూడా మా సంఘంలో ముందటి శుక్రవారమే ఆచరించేవాళ్ళం. ఒకందుకు సంతోషం: మన ఊళ్ళో ఈత మట్టలో తాటి మట్టలో పట్టుకుంటాం, అక్కడ అసలైన ఖర్జూరపు మట్టలే దొరికేవి.

ఇక బజారు. చర్చి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ముబారకియా అనే పాత బజారు ఉంది. 1896 నుంచి 1915 వరకు ఏలిన ముబారక్ షేకు పేరు దానిది. బజారును వారు సూక్ అంటారు. బందరు కోనేరు సెంటరునూ, గుడివాడ మార్కెట్టునూ కలిపి, పైన కప్పు వేసి, సగం మందికి గడ్డాలు పెట్టితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక సందు పొడుగునా ఖర్జూరాలు. బర్హీ, ఖలాస్, సుక్కరీ అని రకాలు. రుచి చూడకుండా కొననివ్వరు. ఇంకో సందులో సాంబ్రాణి, ఊద్ చెక్కలు. ఆ పొగ చీరకు పడితే రెండు రోజులు పోదు. ఒక చోట ఆడవాళ్ళే నేల మీద కూర్చుని బట్టలు, వంట సామాను అమ్ముతారు. మన సంతలో గాజులమ్మే అవ్వలా బేరానికి లొంగరు. పక్కన బంగారపు అంగళ్ళు. మనవాళ్ళు అక్కడ అద్దాల ముందు నిలబడి, కొనకుండా ఎంతసేపు చూసేవారో చెప్పలేను. ఒక దీనారుకు ఆ రోజుల్లో మన రూపాయలు నూరుకు పైచిలుకు. ఏది చూసినా మనస్సులో నూరు పెట్టి హెచ్చవేసుకోవడం, గుండె జారడం, ముందుకు నడవడం. అసలు 1961లో దీనారు వచ్చేదాకా ఆ బజారులో రూపాయలే చెల్లేవని ఒక ముసలి దుకాణదారు చెప్పినప్పుడు నాకు కొంచెం గర్వమనిపించింది.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళినది చెప్పుల కోసం. మా అమ్మకు చదువు రాదు. పాస్టరు గారి అబ్బాయి చేత ఉత్తరం రాయించేది. మొదటి ఉత్తరంలో కాగితపు మడతలో ఒక తెల్ల దారం ఉంది, రెండు చివరలా ముడులు వేసి. "పాప పాదం కొలిచి పంపిస్తున్నాను, బూట్లు కొను, మేజోళ్ళు కూడా కొను" అని రాయించింది. ఆ దారాన్ని నా చూపుడు వేలికి చుట్టి చూసుకున్నాను. రెండు చుట్లు వచ్చింది.

బూట్ల దుకాణదారు పెషావరు మనిషి. హిందీ వంటి భాష మాట్లాడతాడు, నాకు సగం తెలుసు. దారాన్ని అట్ట మీద పెట్టి కొలిచి, ఎర్ర బూట్లు తీసి ఇచ్చాడు. కడప వైపు వెళ్ళే ఒకాయన చేతికి పండుగకు ముందే అందించాను. ఆయన తన ఊరు వెళ్ళి, పనులు చూసుకొని, బెజవాడ వచ్చి, మా వారికి కబురు చేసేసరికి మార్చి నెల వచ్చింది. బూట్లు పాపకు పట్టలేదు. అమ్మ ఆ సంగతి రాయించలేదు. మా వారు రాశారు.

మరుసటి ఏడు ఇంకో దారం వచ్చింది. మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళి జరిగినది చెప్పాను. అతడు దారం చేతిలోకి తీసుకోకుండానే, "బహెన్, నువ్వు కొలత తెచ్చిన రోజు పాదం ఇది. చేరే రోజు పాదం ఏదో చెప్పు" అన్నాడు. తరువాత దారం చివర తన రెండు వేళ్ళు ఆనించి, అక్కడికి కొలత తీశాడు. తన నలుగురు పిల్లలకూ పన్నెండేళ్ళుగా అలాగే పంపుతున్నాడట. పరదేశంలో బతికేవారి లెక్క అది. అప్పటి నుంచి గౌను అయినా, లంగా అయినా అన్నిటికీ ఆ రెండు వేళ్ళు కలిపే కొన్నాను.

1997 నవంబరులో మొదటి సెలవు దొరికింది. పెట్టె నిండా అందరూ తెచ్చేవే నేనూ తెచ్చాను: నీడో పాల డబ్బాలు, టాంగు పొడి, గొడ్డలి మార్కు తైలం, పులి బొమ్మ ఉన్న దుప్పటి ఒకటి. బూట్లు ఈసారి సరిగ్గా ఉన్నవి. పాపను కూర్చోబెట్టి తొడగబోతే కాలు వెనక్కి తీసుకొని, "అమ్మమ్మ తొడుగుద్ది" అన్నది. మా అమ్మ నావైపు చూడకుండా వచ్చి తొడిగింది. ఇంట్లో ఎవరమూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చదివే అక్కచెల్లెళ్ళలో బిడ్డను దిగవిడిచి వెళ్ళబోయేవారు ఎవరన్నా ఉంటే, దీనికి ముందే సిద్ధపడండి. సిద్ధపడినా నొప్పి తగ్గదు గాని, పిల్ల మీద కోపం రాకుండా ఉంటుంది.

ముబారకియాలో నన్ను ఆశ్చర్యపరచిన రోజు ఇంకొకటి ఉంది. ఇరాను నుంచి వచ్చిన ఒక పెద్దాయన చిన్న కొట్టులో దుప్పట్లు, బల్ల మీద పరిచే గుడ్డలు పెట్టుకొని కూర్చునేవాడు. చెట్లు, నెమళ్ళు, మామిడిపిందె అచ్చులు, ఎరుపూ నలుపూ. నాకు కాళ్ళు ఆగిపోయినవి. అచ్చం మన పెడన గుడ్డే. వేలు పెట్టి చూపిస్తే ఆయన "కలంకార్" అన్నాడు. "కలంకారీ?" అన్నాను. "కలంకార్, ఇస్ఫహాన్" అని నవ్వాడు.

విషయం తరువాత తెలుసుకున్నాను. కలం అనే మాట వారిదే. గోలకొండ సుల్తానుల కాలంలో బందరు వారి ముఖ్యమైన రేవు. పర్షియా వర్తకులు వచ్చి కాపురాలుండేవారు. 1611లో ఇంగ్లీషువారు అక్కడ కొఠీ పెట్టేనాటికే మన అద్దకపు బట్టలు ఓడలెక్కి ఆ దేశాలకు వెళ్తున్నవి. ఆ గుడ్డల మీది తీగలు, సరుగుడు చెట్లవంటి బొమ్మలు వారి అభిరుచికి తగ్గట్లు మనవాళ్ళు చెక్కిన అచ్చులు. ఇస్ఫహానులోనూ చెక్క అచ్చులతోనే అద్దుతారు. మనవారు గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో ముంచి ఎండబెడతారు. వారు దానిమ్మ తొక్క వాడుతారు. నలుపు రంగుకు మనం తుప్పు ఇనుము, బెల్లం పులియబెడతాం, ఎరుపుకు పటిక. పెడనలో మా మేనత్త ఇంటి పక్కన ఆ పులిసిన కుండల వాసన చిన్నప్పుడు నాకు గిట్టేది కాదు. కువైట్ సందులో ఆ గుడ్డను ముక్కుకు ఆనించుకున్నాను, ఆ వాసన కోసం. రాలేదు. పెద్దాయన నన్ను వింతగా చూశాడు. మరుసటి సెలవుకు వెళ్ళి వస్తూ పెడన నుంచి ఒక దుప్పటి తెచ్చి ఆయనకు ఇచ్చాను. రెండిటినీ పక్కపక్కన పరిచి, వచ్చిన గిరాకీని వదిలిపెట్టి, అంచులు పట్టి పట్టి చూశాడు. ఎవరిది మంచిదో చెప్పలేదు. డబ్బు ఇవ్వబోయాడు, నేను తీసుకోలేదు. సేరు పిస్తాపప్పు కట్టి ఇచ్చాడు.

చేపల బజారు సంగతి చెప్పకపోతే దివిసీమవాళ్ళు నన్ను క్షమించరు. సముద్రం ఒడ్డున షర్క్ అనే చోట ఉంది. వారు జుబైదీ అని ప్రాణం పెట్టేది మన చందువ. ఒక వసంతకాలంలో గంపలో వెండిలా మెరిసే చేపను చూసి పేరు అడిగితే "సుబూర్" అన్నాడు. వంగి చూద్దును గదా, మన పులస! ఇరాకు వైపు షత్ అల్ అరబ్ నదిలోకి ఎదురీదుతుంది అక్కడ, గోదావరిలోకి ఎదురీదినట్లే. ఇంటికి తెచ్చి చింతపండు పులుసు పెట్టి, ఒక రోజు ఆగి తిన్నాం. ముళ్ళు మాత్రం ఏ దేశంలోనూ తగ్గలేదు.

పండుగ పిండివంటలు మా నర్సుల క్వార్టర్సులో మొదలుపెట్టినది నేనే. బియ్యం నానబోసి, మిక్సీలో పిండి ఆడించి, మలయాళీ కొట్టులో బెల్లం తెచ్చి పాకం పట్టాను. అరిసెలు వత్తే చెక్కలు లేవు. రెండు స్టీలు పళ్ళేల మధ్య పెట్టి ఫిలిప్పీను అమ్మాయిని పైన కూర్చోమన్నాం. నూనె నేల మీద చిందిపోయింది, ఆ అమ్మాయి గౌను పాడైంది, అరిసె మాత్రం బాగా వచ్చింది. నక్షత్రానికి వెదురు బద్దలు దొరకలేదు. తోటమాలి ఇచ్చిన ఖర్జూరపు మట్టల ఈనెలతో చట్రం కట్టి రంగు కాగితం అంటించి, గది లోపలే వేలాడదీశాం. బందరు నల్ల హల్వా మాత్రం చేయనక్కరలేకపోయింది. అక్కడి హల్వా కూడా నేతితో మెరుస్తూ సాగుతుంది. కళ్ళు మూసుకొని తింటే సగం దూరం ఇంటికి వచ్చినట్లే. బందరు లడ్డుకు సాటి దొరకలేదు, దొరకదు కూడా.

1998 క్రిస్మస్ ఎన్నటికీ మరువను. ఆ ఏడు 25వ తేదీ శుక్రవారం వచ్చింది. అందరికీ సెలవు! కాని అదే వారంలో రంజాన్ నెల కూడా మొదలైంది. ఆ నెలలో పగటి పూట బయట ఎవరూ తినరాదు, నీళ్ళు తాగరాదు. అన్ని మతాలవారికీ అదే చట్టం. అంతకు కొద్దిరోజుల ముందే, 16 నుంచి 19 వరకు, పక్కనున్న ఇరాకు మీద అమెరికా, బ్రిటను బాంబులు వేసినవి. ఇంటి దగ్గర అమ్మ రేడియో విని ఊరంతా ఏడ్చుకుంటూ తిరిగిందట. మేము పగలు ఆరాధన చేసి, వండిన కూరలు మూతలు పెట్టి, సాయంత్రం నాయిఫ్ కోటలో ఫిరంగి చప్పుడు రేడియోలో వినబడేదాకా ఆగి, చీకటి పడ్డ తరువాత పండుగ భోజనం చేశాం. ఆకలి మీద తిన్న క్రిస్మస్ బిర్యానీ అదొక్కటే నా జీవితంలో.

రంజాన్ నెల నడిమి రాత్రులలో వారి పిల్లలకు ఒక వేడుక ఉంది, గిర్గియాన్ అంటారు. పిల్లలు జరీ బట్టలు కట్టుకొని, మెడలో సంచులు వేసుకొని, ఇంటింటికీ వెళ్ళి పాడుతారు. ఇంటివారు పప్పులు, మిఠాయిలు సంచిలో పోస్తారు. ఆ ఏడు అది సరిగ్గా మన కొత్త సంవత్సరపు మొదటి రోజులలో వచ్చింది. కొందరు పిల్లలు మా పిల్లల వార్డుకు కూడా వచ్చి పాడారు. మన ఊళ్ళో కారల్స్‌కు వచ్చిన కుర్రవాళ్ళు సంచి పట్టుకొని గుమ్మం ముందు నిలబడినట్లే ఉన్నది.

ఆ పిల్లలలో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చిన పనిమనిషి తెలుగు ఆమె. మన కోడూరు వైపు చెల్లెలు. నా పేరు బిళ్ళ చూసి, చుట్టూ చూసి, మెల్లిగా అడిగింది: "అక్కా, క్రిస్మస్ అయిపోయిందా?" వచ్చిన దగ్గర నుంచి ఒక్క శుక్రవారం కూడా ఆ ఇంటివారు బయటకు పంపలేదట. తేదీలు లెక్క తప్పిపోయినవి. నా సంచిలో రెండు అరిసెలు మిగిలి ఉన్నవి. ఒకటి అక్కడే తిన్నది. రెండవది సగం విరిచి నాకు పెట్టి, సగం కొంగులో ముడివేసుకున్నది. నేను ఆసుపత్రి క్వార్టర్సులో, నలుగురు తోడుగా, జీతం సమయానికి తీసుకుంటూ పడిన బాధ ఎంతటిదో ఆ రాత్రి నాకు తెలిసింది. తరువాతి ఏడు ఆమె వేరే ఇంటికి మారింది. ఆ ఇంటి ముసలమ్మ శుక్రవారం తానే కారులో తెచ్చి చర్చి గేటు దగ్గర దింపేది, వెళ్ళేటప్పుడు "నా కోసం కూడా దేవుణ్ణి అడుగు" అనేదట. ఒకే దేశం, రెండు ఇళ్ళు. 2015లో అక్కడ ఇంటి పనివారి కోసం చట్టం చేశారు: పన్నెండు గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు. ఆ చెల్లెలి రోజుల్లో అది లేదు.

అల్‌రాయ్ అనే చోట శుక్రవారపు సంత జరిగేది. వాడిన కుర్చీలు, తివాచీలు, పావురాలు, పాత బట్టల గుట్టలు. చాలామంది నర్సులు పాత బట్టల వైపు వెళ్ళడానికి నామోషీ పడేవారు. నేను పడలేదు. 1977 నవంబరు 19 శనివారం నాటి ఉప్పెనలో మా ఇల్లు పోయింది. నాకు పదేళ్ళు. దివిసీమలో పదివేలమందికి పైగా చనిపోయారంటారు. మా కుటుంబం ఒక డాబా మీదికి ఎక్కి బతికింది. ఆ ఏడు క్రిస్మస్‌కు ఎక్కడెక్కడి నుంచో పాత బట్టల మూటలు వచ్చినవి. నాకు నీలి ఉన్ని గౌను దక్కింది. మన ఎండకు పనికిరాదు, అయినా నెల రోజులు విప్పలేదు. అల్‌రాయ్ గుట్టల్లో పిల్లల ఉన్ని బట్టలు కనబడితే, అవసరం లేకపోయినా చేత్తో పట్టుకొని చూసేదాన్ని.

ఉప్పెన తరువాత అమ్మకు సముద్రమంటే ప్రాణం పోయేంత భయం. ఆ రోజుల్లో ఫోను ఖరీదు గనుక టేపుల్లో మాటలు రికార్డు చేసి పంపుకునేవాళ్ళం. ప్రతి టేపులోనూ అమ్మ అడిగేది: "అమ్మాయ్, మీరుండే చోటికి సముద్రం ఎంత దూరమే?" నా కిటికీలో నుంచి సముద్రం కనబడేది. "చాలా దూరమమ్మా, బస్సులో వెళ్ళాలి" అని చెప్పాను. ఏళ్ళ తరబడి అదే అబద్ధం చెప్పాను.

2004లో అమ్మ ప్రభువునందు నిద్రించింది. గుండెపోటు. కబురు అందిన మూడవ రోజుకు గాని సెలవు చేతికి రాలేదు. నేను వచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. ఆ డిసెంబరులో మళ్ళీ ముబారకియాకు వెళ్ళాను. ఉత్తరం లేదు, దారం లేదు. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. ఫోనులో తానే, "అమ్మా, ఐదో నంబరు. రెండు వేళ్ళు కలపొద్దు, ఇప్పుడు త్వరగా పెరగట్లేదు" అన్నది. రెండు వేళ్ళ లెక్క దానికి తెలుసునని నాకు తెలియదు. అమ్మ చెప్పి ఉంటుంది.

2012లో తిరిగి వచ్చేశాను. అప్పు తీరింది, ఇల్లు కట్టాం, అమ్మాయి చదువు పూర్తయింది. 2022 మార్చి 31న ముబారకియాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా అంగళ్ళు కాలిపోయినవని టీవీలో చూసి, ఆ ఇరాను పెద్దాయన కొట్టు ఏమైందో అని రెండు రోజులు నిద్ర పట్టలేదు. అక్కడున్న స్నేహితురాలిని అడిగించాను. ఆయన చాలా ఏళ్ళ కిందటే కొట్టు కొడుకుకు అప్పగించి వెళ్ళిపోయాడని చెప్పింది.

నన్ను అడిగిన చెల్లెలి కూతురు మొన్న మా ఇంటికి వచ్చింది. క్రిస్మస్ గురించీ, బజారు గురించీ ఇదంతా చెప్పాను. కాంట్రాక్టు కాగితాలు ఒకటికి రెండుసార్లు చదువుకో, సెలవు ఎన్నాళ్ళకో రాయించుకో అన్నాను. బందరులో పంతులమ్మగా ఉన్న మా అమ్మాయి కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నది. బూట్ల కథ వస్తుండగా నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా, మన దివిసీమ బురదలో ఆ బూట్లు ఎక్కడ తొడుక్కుంటానే? ఆదివారం చర్చికి ఒక్కదానికే. అక్కడా గుమ్మం దగ్గర విప్పాల్సిందే గదా. ఎవరన్నా ఎత్తుకుపోతారని అమ్మమ్మ వాటిని చంకలో పెట్టుకొని, ఆరాధన అయిందాకా అట్లాగే కూర్చునేది."